కొల్లేటి చేపలకు నేను పెట్టిన ఉపవాసం

ఒకరోజు మా ఆవిడ చేపల పులుసు వడ్డిస్తూ, "ఈ బొచ్చె చేప ఏం తిని ఇంత బలిసిందంటారు?" అని అడిగింది. నాకు తెలియదు. రిటైరయ్యాక నాకు తెలియని సంగతులు ఇంట్లో రోజుకొకటి బయటపడుతున్నాయి. ఈ ఒక్కటైనా తేల్చుకుందామని రాజమండ్రి నుంచి బయలుదేరాను. ముందుగా నా గురించి ఒక్కమాట. ముప్పై ఏళ్ళు బియ్యం గోడౌనులో పనిచేశాను. చిరిగిన బస్తా కనబడితే నా చెయ్యి ఆగదు. దబ్బనం, పురికొస జేబులో లేకుండా ఇప్పటికీ గడప దాటను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నాది ఉద్యోగంతో వచ్చిన బుద్ధే అయినా పోయేలా లేదు.

తెల్లవారుజామున రైలెక్కి ఆరున్నరకల్లా తాడేపల్లిగూడెంలో దిగాను. స్టేషన్ బయట నలభై రూపాయలకు పెసరట్టు, అల్లప్పచ్చడి తిని రైసు మిల్లుల వైపు నడిస్తే, తవుడు ఎక్కించుకుంటున్న వ్యాన్లు కనబడ్డాయి. చేపల చెరువులకేనట. సూరిబాబు అనే డ్రైవరును అడిగితే, "ఆయ్, ఎక్కండి బాబాయిగారూ, ముందు సీటు ఖాళీయేనండి" అన్నాడు. డబ్బులివ్వబోతే వద్దని, భీమడోలులో టీ తాగించమన్నాడు. మీకు వ్యాను దొరక్కపోతే భీమడోలు దాకా బస్సు, అక్కణ్ణుంచి కొల్లేటి లంక ఊళ్ళకు షేర్ ఆటో. ముప్పై రూపాయలిస్తే చాలు. భీమడోలులో దక్షిణానికి తిరిగాక వరి చేలు పలచబడి చెరువులు మొదలవుతాయి. రెండు పక్కలా నీళ్ళు, మధ్యలో గట్టు మీద మన బండి. ఆ గుంతల్లో, తాగిన టీ లోపలే ఉంటుందా అని నాకు రెండుసార్లు అనుమానం వచ్చింది.

ఎనిమిదిన్నరకు మరియమ్మ గారి చెరువు చేరాం. ఆమె, భర్త దావీదు కలిసి కౌలుకు తీసుకున్న చెరువది. "ఇంకో రెండు వారాల్లో పట్టుబడండి, వలేసి చేపంతా పట్టేత్తావండి. ఈ చేప గట్టెక్కితేనే వచ్చే ఏడు చెరువు మాకుంటాది. లేకపోతే ఒదులుకోడవేనండి" అందామె. ముగ్గురూ తవుడు దించుతుంటే ఊరికే కూర్చోలేక, నాకూ ఏదైనా పని చెప్పమన్నాను. "అయితే ఆ ఖాళీ సంచుల్లో తవుడు నింపండి బాబాయిగారూ, చాలు" అని వెళ్ళింది.

మొత్తం ఎనిమిది సంచులు. మొదటిది నింపుతుంటే నా కాళ్ళ మీద తవుడు రాలింది. తిరగేసి చూద్దును కదా, అడుగున కన్నాలు! రెండోదీ అంతే. ఎనిమిదీ అంతే. పాపం, మంచి సంచులకు కూడా గతిలేదు కాబోలని నా మనసు కరిగిపోయింది. ఒక్కోదాని అడుగు మడిచి, దబ్బనంతో గోడౌను కుట్టు గట్టిగా బిగించాను. చెప్పుకుంటే గొప్పలు పోయినట్టుంటుందని ఎవరికీ చెప్పలేదు. దావీదు వాటిని పడవలో వేసుకెళ్ళి, చెరువులో పాతిన కర్రలకు నీళ్ళలోకి వేలాడగట్టి వచ్చాడు. చేపకు మేత అలాగే పెడతారట. సంచిలో ఉన్నదాన్ని చేప ఎలా తింటుందని అడగాలని నాకు తోచనే లేదు.

పదకొండింటికి ఖాళీ సంచులు తేవడానికి వెళ్ళిన దావీదు, ఒకటి పైకి లాగి కేక పెట్టాడు. "మరియా! సంచి నిండుగానే ఉందే! చేప మేత ముట్టలేదు!"

మరియమ్మ ముఖం పాలిపోయింది. చేప మేత మానేసిందంటే జబ్బు పట్టినట్టేనట. అది చెరువంతా పాకకముందే వచ్చిన ధరకు అమ్ముకోవాలట. ఆమె వెంటనే వ్యాపారికి ఫోన్ చేసింది. "ఈయాళే వల దింపేత్తావండీ, సగం ధరైనా పర్లేదండీ..." అంటుండగా దావీదు ఆ సంచిని తెచ్చి గట్టు మీద పడేశాడు. దాని అడుగున నా కుట్టు, చెక్కుచెదరకుండా ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబులోని దబ్బనం మీదికి పోయింది. వ్యాను నీడన కునుకు తీస్తున్న సూరిబాబును లేపి జారుకుందామా అని కూడా ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు?

"ఫోన్ పెట్టెయ్యమ్మా" అన్నాను. "చేపలకేం కాలేదు. జబ్బు నాది."

కన్నాలు కుట్టేశానని చెబితే ఆమె సంచి వైపోసారి, నా వైపోసారి చూసింది. "ఆ కన్నాలు మేవే పెట్టావండీ! చేప కిందనించి మూతితో పొడిత్తే తవుడు రాలాలి కదండీ!" అని ఫోనులో, "ఏం లేదండీ, మా బాబాయిగారు చేపలకి ఉపాసం పెట్టారు. ఇయ్యాళ అమ్మటం లేదండి" అంది. తర్వాత గట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్ళన్నీ నవ్వువి కావని నాకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను.

కుక్క పని గాడిద చేసినందుకు, పడవలో కూర్చుని ఎనిమిది కుట్లూ నేనే విప్పాను. గోడౌను కుట్టు కదా, గంటన్నర పట్టింది. ఆఖరి సంచి నీళ్ళలోకి దిగేసరికి మొదటి సంచి చేపల పోట్లకు ఊగిపోతోంది. మధ్యాహ్నం శీలావతి చేపల పులుసుతో అన్నం పెట్టి, మరియమ్మ నా దబ్బనం మాత్రం జప్తు చేసింది.

ముప్పై ఏళ్ళు కన్నం అంటే నష్టమే అనుకున్నాను. నా కుట్టు వల్ల రెండు ప్రాణాలు ఏడాదంతా పడ్డ కష్టం సగం ధరకు పోబోయిందని తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మొన్న పట్టుబడి రోజున ఆమె ఫోన్ చేసింది. "చేప బాగా తూగిందండి బాబాయిగారూ. చెరువు మాకే ఉండిపోయింది. పిన్నిగారిని తీసుకొచ్చి మీ దబ్బనం పట్టుకెళ్ళండి." మా ఆవిడకు ఇన్నాళ్ళకు జవాబు చెప్పగలిగాను: ఆ చేప తవుడు తిని బలిసింది, నేను వెళ్ళిన పూట తప్ప.

వెళ్ళేవారికి ఒక సలహా. తొమ్మిదిలోపు చెరువు దగ్గరుంటే మేత కట్టడం చూడొచ్చు. గట్ల మీద నీడ ఉండదు కాబట్టి గొడుగు, నీళ్ళ సీసా తీసుకెళ్ళండి. సాయం చెయ్యాలని మరీ చెయ్యి దురదపెడితే, గొడుగు రెండు చేతులతో పట్టుకోండి.