మా బర్రె కోసం మేమే పాడిన పాట

కిషన్‌బాగ్‌లో మాకు నాలుగు బర్రెలు ఉండేవి. అందులో బాగా పాలిచ్చేది ఒకరోజు కట్టు తెంపుకుని రోడ్డెక్కితే, మున్సిపాలిటీ వాళ్లు బండెక్కించి బందెలదొడ్డికి తీసుకెళ్లారు. మాదేనంటే చెవికి వేసిన నంబరు బిళ్ల ఏదన్నారు. చెవి పుండు పడిందని ఆ బిళ్లను కోసి పారేసింది మా బాపే. ఎంత మొత్తుకున్నా వినలేదు, కావాలంటే వేలంలో పాడుకోమన్నారు. మన బర్రెను మనం కొనుక్కోవడమేమిటని నాకు ఒళ్లు మండింది.

బాపు మాత్రం ధీమాగా ఉన్నాడు. ఆ బర్రె మా అమ్మను తప్ప ఎవరినీ పొదుగు ముట్టనివ్వదు. తన్నే బర్రెను ఎవడు కొంటాడని ఆయన నమ్మకం.

"మీరిద్దరు వెనకాల్నే నిలవడుండ్రి. మనదని తెలిస్తే పాట పెంచుతరు," అని నాకూ అమ్మకూ మరీ మరీ చెప్పాడు.

అనుకున్నట్టే అయింది. పాటకు ముందు పాలు చూద్దామని ఒక బేరగాడు చెంబు పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క తన్నుకు చెంబు ఎగిరిపోయింది. "లాత్ మార్రీ భాయ్, నక్కో," అని తన్నే బర్రె తనకొద్దంటూ బట్టలు దులుపుకుని పక్కకు జరిగాడు. మిగతావాళ్లు దగ్గరికే రాలేదు. నాకు నవ్వు ఆగలేదు. బాపు తక్కువలోనే పాట మొదలుపెట్టాడు. పాట పాడించేవాడు ఒకసారి అడిగాడు, రెండోసారి అడిగాడు. మూడోసారీ ఎవరూ పెంచకపోతే బర్రె మాదే.

అమ్మ మాత్రం పొదుగునే చూస్తోంది. దొడ్డిలో ఎవరూ సరిగ్గా పిండలేక అది రాయిలా బిగుసుకుపోయింది. నేను కొంగు పట్టుకుని ఆపినా విదిలించుకుని వెళ్లి, ఆ చెంబే తీసుకుని కూర్చుంది.

"ఎంత గోసవడుతున్నవే నా తల్లీ," అంటూ పిండడం మొదలుపెట్టింది. బర్రె కదల్లేదు. చెంబు నిండింది. అమ్మ బకెట్ అడిగింది. పక్కకు జరిగిన బేరగాడు పరుగున వచ్చి పాట పెంచాడు. బాపు మూడుసార్లు పెంచి ఆగిపోయాడు. అంతకు మించి మా దగ్గర లేదు.

"ఒక్క గడియ ఆగితే మనదే గదనే!" అని బాపు అందరి ముందే అరిచాడు.

"గడియ నీకు. దానికి పానం పోతున్నది," అంది అమ్మ.

తర్వాత బర్రెను కొన్న బేరగాడి దగ్గరికి వెళ్లింది. "అన్నా, ముందు మెడకింద గోకు. తల దించినంకనే కూసో. గప్పుడు తన్నదు," అని చెప్పింది.

ఇన్నేళ్లలో బాపుకు కూడా చెప్పని సంగతి అది.