పొయ్యి దగ్గర మేమిద్దరం

ప్రత్యేక రాష్ట్రం కోసం అరవై తొమ్మిదిలో ఉద్యమం సాగిన ఏడాది మా కాలేజీ మూతపడింది. చదువు ఆగిపోయిన ఆ ఖాళీలోనే నాకు పెళ్లి కుదిరింది. తర్వాత పట్టుబట్టి టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి స్టేషన్ ఘన్‌పూర్ బడిలో ఉద్యోగం తెచ్చుకున్నాను. కాపురం జనగామలో. మా ఆయన ఉద్యోగం మహబూబాబాద్‌లో. అక్కడే గది తీసుకుని ఉండి శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేవారు. వారమంతా ఇంట్లో నేను, అత్తమ్మ.

పొద్దున్నే ప్యాసింజరు అందుకోవాలి. ఆలోపు నల్లా నీళ్లు పట్టాలి, వాకిలి ఊడ్చాలి, వంట ముగించాలి. వానాకాలంలో కట్టెలు తడిసి మంట కంటే పొగే ఎక్కువ వచ్చేది. కళ్లు తుడుచుకుంటూ అన్నం, కూర దించి, అత్తమ్మకు మూతలు పెట్టి, నా డబ్బా కట్టుకుని స్టేషనుకు పరుగెత్తేదాన్ని. అత్తమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూస్తుండేది.

"కూరల ఉప్పు తక్కువైంది" అనేది. ఇంకోరోజు "గిట్ల ఉరుక్కుంట వండితె తిండి ఒంటికి పడ్తదా" అనేది. సాయం మాత్రం పట్టేది కాదు. ఘన్‌పూర్ వచ్చేదాకా రైల్లో కూర్చుని మనసులోనే ఆమెతో పోట్లాడేదాన్ని.

బడిలో హెడ్మాస్టరు నిమిషాలు చూసే మనిషి. కాస్త ఆలస్యమైతే హాజరు పట్టీలో ఎర్రగీత గీసేవాడు. మగ టీచర్లు ఆలస్యమైతే "రైలు లేటా?" అని అడిగి ఊరుకునేవాడు. నేనైతే, "ఇల్లు చక్కబెట్టుకోలేనోళ్లకు నౌకరి ఎందుకమ్మా" అనేవాడు.

ఒక శ్రావణంలో వారంలోనే మూడోసారి రైలు తప్పింది. నేను ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి బండి కదిలిపోయింది. బస్సు పట్టుకుని వెళ్లేసరికి రెండో పీరియడ్ నడుస్తోంది. పిల్లల ముందే హెడ్మాస్టరు అదే మాట అన్నాడు. మధ్యాహ్నం డబ్బా కూడా తెరవకుండా రాజీనామా కాగితం రాసి సంచిలో పెట్టుకున్నాను.

శనివారం దాన్ని మా ఆయనకిచ్చాను. చదివి, "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటతో నా కోపం ఇంకా పెరిగింది.

అరుగు మీది నుంచి అత్తమ్మ అడిగింది. "ఏం కాయితం రా అది?"

"నౌకరి ఇడిసిపెడ్తదట అవ్వా" అన్నారాయన తల్లితో.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. లేచి లోపలికి వచ్చింది.

"ఎందుకు బిడ్డా?"

"పొద్దుగాల పొయ్యికాడ తెమల్తలేదు అత్తమ్మా. రైలు అందుతలేదు."

"మరి పొయ్యి నాకెందుకు ఇయ్యవు?"

నాకు అర్థం కాలేదు. "నేనెప్పుడు వద్దన్న?"

"వచ్చిన కొత్తల అనలేదా? నేను బియ్యం కడుగుతుంటె గిన్నె గుంజుకున్నవు. 'నువ్వు కూసో అత్తమ్మా, ఇగ నీకు పొయ్యి పని లేదు' అన్నవు. సదువుకున్న పిల్ల, నా చేతి వంట నచ్చదేమో అనుకున్న. అప్పటిసంది అరుగే నా జాగ అయింది."

నిజమే, ఆ మాట అన్నాను. అత్తను కూర్చోబెట్టి వండిపెట్టమని మా అమ్మ చెప్పి పంపింది. నేను మర్యాద అనుకున్నదాన్ని ఆమె తనను పక్కకు తీసేయడం అనుకుంది. ఆరేళ్లుగా ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి ఆ సంగతి ఒకరినొకరం అడగలేదు.

"నిన్ను కష్టపెట్టొద్దని అన్న" అన్నాను.

"ఊకె కూసునుడే కష్టమైంది. ఏం తోచక నీ కూరలకు వంకలు పెట్టుకుంట కూసున్న."

మా ఆయన నవ్వారు. మేమిద్దరం ఒకేసారి ఆయన వైపు చూశాం. నవ్వు ఆపి, మర్నాడు ఎవరూ చెప్పకుండానే గొడ్డలి తీసి వారానికి సరిపడా కట్టెలు చీల్చి, చూరు కింద పొడిగా పేర్చారు. నేను ఆ కాగితం చింపేశాను.

సోమవారం నేను నీళ్లు పట్టుకొచ్చేసరికి ఎసరు మరుగుతోంది. అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుని వంకాయలు కోస్తోంది. "నువ్వు తానం చేసి తయారు కా, పో" అంది. ఆ రోజు స్టేషనులో బెంచీ మీద కూర్చుని, రైలు దూరం నుంచి రావడం మొదటిసారి చూశాను.

హెడ్మాస్టరు మారలేదు. ఆ ఏడాది మాత్రం నా పేరు పక్కన మళ్లీ ఎర్రసిరా పడలేదు.

సాయంత్రాలు నేనూ అరుగు మీద కూర్చునేదాన్ని. ఇద్దరం అనపకాయలు ఒలుచుకుంటూ బడి పిల్లల సంగతులు చెప్పుకునేవాళ్లం. ఆమె కూరల్లో కారం ఎక్కువే వేసేది. ఇప్పుడు నేను ఆ మాట పైకే అనేదాన్ని.

"ఎక్కువైందా? రేపు తగ్గిస్త తీ" అనేది. తగ్గించేది కాదు.