ఆశమ్మ స్వెటర్

ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకునే మనిషి చిక్కడపల్లి మొత్తానికి ఆశమ్మ ఒక్కతే. అక్కడి మందుల కంపెనీ ఆఫీసులో, కంప్యూటర్ మిషన్లు ఉండే సర్వర్ గది ఊడ్చేది ఆమే. అంబర్‌పేట్‌లోని రేకుల గదిలో రాత్రంతా ఉడికిపోయి, పొద్దున్నే చెమటలతో వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, మేకుకు వేలాడే నీలం స్వెటర్ తొడుక్కుని లోపలికి వెళుతుంది. పదేళ్లుగా అక్కడ ఏసీ ఆగింది లేదు. ఊడవడం ఐదు నిమిషాల పని. ఆమెకు అరగంట పడుతుంది. చుట్టూ ఆకుపచ్చ దీపాలు వెలిగి ఆరుతుంటే, చీపురు చంకలో పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. తొమ్మిదింటికి పై అంతస్తులో సార్లు అమ్మకాల రిపోర్టులు తెరవగానే మిషన్ల హోరు పెరుగుతుంది. మహబూబ్‌నగర్ జొన్నచేల మీదుగా వాన నడిచి వస్తున్నట్టే ఉంటుందామెకు.

ఆ సోమవారం తొమ్మిది దాటినా హోరు పెరగలేదు. కంప్యూటర్లు చూసుకునే ఫణికిరణ్ దగ్గరికి ఆశమ్మ కంగారుగా పరుగెత్తింది. "సార్, మిషన్లకు ఏమో అయింది. జర చూడుండ్రి."

"ఏమీ కాలేదు ఆశమ్మా. రిపోర్టులన్నీ క్లౌడ్‌కి మార్చేశాం. అంటే ఎక్కడో దూరంగా, వేరేవాళ్ల మిషన్లలో ఉంటాయి. నెలాఖరుకి ఈ గది ఖాళీ చేసేస్తారు."

"ఆడ గూడ సల్లగుంటదా సార్?"

"ఇంతకన్నా చల్లగా. ఒక్కో గది మన ఆఫీసంత ఉంటుంది."

అంత పెద్ద చలి గది గుమ్మం బయట, ఎవరో విడిచిన చెప్పుల జత ఆశమ్మ కళ్లకు కట్టింది. ఒంటి మీది స్వెటర్ విప్పి, దులిపి, మడతపెట్టి అతని బల్ల మీద ఉంచింది.

"ఆడ ఊడ్చే ఆమెకు పంపుండ్రి సార్. కొత్తల శానా సలి పెడతది."