తొమ్మిదో వాసం

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. పొద్దున్నే దీపం పెట్టుకునేదాన్ని. దేవుడున్న ఇంట్లో ఇంకొకటి తిరుగుతుందని అనుకోవడమే తప్పనిపించేది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తాను, దానికి పేరు పెట్టను.

మాది కంప్లి. చిన్నప్పుడు నాకు మూర్ఛ వచ్చేది. బడిలో రెండుసార్లు పడిపోయాక ఇంటికి పంపేశారు. అప్పటినుంచి మా నాయనే నా బడి. ఆయన మిద్దెలు కట్టే మేస్త్రి. అక్షరాలు, లెక్కలు, కొలతలు అన్నీ ఆయన దగ్గరే వచ్చాయి. కంప్యూటర్‌లో ఇళ్ల నమూనాలు గీయడం కూడా ఇంట్లో కూర్చునే నేర్చుకున్నాను. బెంగళూరులో ఒక చిన్న ఆఫీసు నాకు పని పంపుతుంది. గడప దాటని దానికి ఇంత బతుకుతెరువు చూపించాడని దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను.

నేను గీసేవి ఎక్కువగా చలి దేశాల ఇళ్ల వాలు కప్పులు. ఆ వాలు కప్పు మధ్యలోంచి, ముందు కిటికీతో, ఒక గూడు లాంటిది పైకి లేస్తుంది. దాన్ని డార్మర్ అంటారు. దానికి సొంతంగా ఓ చిన్న కప్పు, ఆ కప్పు కింద వాసాలు. మధ్య దూరం ఎంతో చెబితే వాసాలను సాఫ్ట్‌వేరే వరుసగా పేర్చేస్తుంది.

పోయిన ఏడాది నాయన ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు బళ్లారి డాక్టర్లు. ఆయన మంచం పక్కనే బల్ల వేసుకొని పని చేసేదాన్ని. నా పని చూడటం ఆయనకిష్టమని తెరను ఆయన వైపు కొంచెం తిప్పి పెట్టేదాన్ని.

ఒకరోజు డార్మర్ ఒకటి పూర్తయింది. నాయన పడుకునే వాసాలు లెక్కపెట్టారు. మా వైపు పాత మేస్త్రీలు కప్పు దూలాలను అంకెలతో లెక్కించరు. ఇంద్ర, యమ, రాజ అని తిప్పి తిప్పి అనుకుంటూ పోతారు. చివరిది యమ దగ్గర ఆగకూడదు. ఆగితే ఇంకో దూలం వేస్తారు. నా డార్మర్ కప్పుకు ఎనిమిది వాసాలు. ఎనిమిదంటే యమ.

"ఏంది పాపా, యమ కాడ నిలబెట్టినావు?"

"అది మన దేశం ఇల్లు కాదులే నాయనా."

"అట్లనా. యముడికి వీసా కావల్లేమో."

గంజి తెస్తున్న మా వదిన నవ్వింది. నేనూ నవ్వాను గానీ నాకు గుబులు పట్టుకుంది. నాయన నిద్రపోయాక, ఎనిమిదో వాసానికి ఆనించి తొమ్మిదోది ఇరికించాను. ఆ తొమ్మిదీ ఉన్నంతకాలం నాయన ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను. అలా షరతు పెట్టి మొక్కకూడదని తెలుసు. ఇంకేం చేయాలో తోచలేదు.

మర్నాడు ఫైలు తెరిస్తే ఎనిమిదే ఉన్నాయి. సేవ్ చేయలేదేమో అనుకొని మళ్లీ పెట్టాను. సేవ్ చేశాను. ప్రింటు తీసి దేవుడి గూట్లో పెట్టాను. ఆ మరుసటి రోజు కాగితం మీద తొమ్మిది, తెర మీద ఎనిమిది.

పెరట్లోకి వెళ్లి ఆఫీసు ఇంజనీరుకు ఫోన్ చేశాను. అతను ఫైలు రికార్డు చూశాడు. రెండుసార్లూ ఆ ఒక్క వాసమే తీసేసి ఉంది, నా ల్యాప్‌టాప్ నుంచే, నా పేరు మీదే, ఉదయం ఏడు దాటాక. "మీరే తీసి మరిచిపోయింటారు మేడం," అన్నాడు.

ఆ వేళకు నేను వెనక గదిలో పూజలో ఉండేదాన్ని. వదిన మంచం దగ్గర నాయనకు గంజి తాగిస్తుండేది. ల్యాప్‌టాప్ మూసే ఉందని ఆమె ఒట్టేసి చెబుతుంది. నాయన చేతులు అప్పటికే వాచిపోయాయి, నీళ్ల లోటా కూడా పట్టుకోలేరు.

మూడో రోజు పూజకు లేవలేదు. వాసాన్ని మళ్లీ పెట్టి, కదలకుండా లాక్ చేసి, తెర తెరిచిపెట్టి, స్తోత్రాల పుస్తకం రెండు చేతులతో పట్టుకొని మంచం పక్కనే కూర్చున్నాను. నాయన కళ్లు మూసుకొని ఉన్నారు. వదిన గంజి చల్లారబెడుతోంది.

"పాపా," అన్నారు నాయన, కళ్లు తెరవకుండానే. "ఎన్నితూర్లు తియ్యల్ల నేను దాన్ని?"

"దేన్ని నాయనా?"

"దాని మింద మోత బరువు లేదు. సుమ్నే, ఊరికే ఉండాది. మేస్త్రి కూతురివి, అట్లాది పెడతారా?"

తెర వైపు చూశాను. ఎనిమిది.

ఆ వాసం సంగతి నేనాయనకు చెప్పలేదు. వదినకూ చెప్పలేదు. ఆమె గిన్నె పట్టుకొని నన్నే చూస్తోంది.

"మళ్లీ పెడతాను నాయనా," అన్నాను, పుస్తకం పక్కన పెట్టి మౌస్ మీద చెయ్యి వేస్తూ.

"వద్దు పాపా. ఆయాసంగా ఉండాది."

ఫైలును ఎనిమిదితోనే ఆఫీసుకు పంపేశాను. ఆ సాయంత్రం పొద్దు దిగకముందే నాయన పోయారు.

తర్వాత ఇంజనీరును అడిగితే, మూడోసారి తీసింది కూడా నా పేరు మీదే ఉందన్నాడు. పాత మూర్ఛ తిరగబెట్టి నాకు తెలియకుండా నేనే చేశానేమోనని పరీక్షలు చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు. అప్పటినుంచి చాలా డార్మర్లు గీశాను. పెట్టిన వాసం పెట్టినచోటే ఉంటోంది.

ఆ చివరి రోజుల్లో నాయన పక్కన కూర్చునే భాగ్యం ఇచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. మొక్కులు మాత్రం మానేశాను. ఆ వాసాన్ని మూడుసార్లు ఎవరు తీశారో, ఎలా తీశారో నాకు తెలియదు, ఇక తెలుస్తుందన్న ఆశా లేదు. నాయన వద్దన్నప్పుడు నా చెయ్యి మౌస్ మీదే ఉంది. ఆ చేతిని వెనక్కి తీసుకున్నది మాత్రం నేనే.