నాన్న చేసిన ఒకే ఒక్క గిటారు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, విశాఖపట్నం నుంచి అరకు చూడవచ్చిన ఒక కుర్రాడు మా చెల్లి ఒళ్ళోని గిటారును అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత పాత చేతిపని గిటారు ఇప్పుడెక్కడా దొరకదనీ, దీన్ని చేసినాయన మామూలు మనిషి కాదనీ తెగ పొగిడాడు. చేసినాయన మా నాన్న. అంటే నాకూ నాన్నే! అయినా ఫోటో మాత్రం చెల్లితోనే దిగాడు. డెబ్బై దాటినదాన్ని, మీ దగ్గర దాచడమెందుకు, నా కడుపు భగ్గున మండింది.

నాన్న వడ్రంగి. మా చర్చి బెంచీలన్నీ ఆయన చేసినవే. మిషన్ ఆసుపత్రి దొరసానమ్మ గిటారు ఒక వానాకాలం చెమ్మకు అతుకులు విడిపోతే నాన్నకిచ్చింది. ఆయన దాన్ని బాగుచేస్తూనే కొలతలన్నీ సిమెంటు సంచి కాగితం మీద గీసిపెట్టుకుని, ఆ తరువాత ఏడాదిపాటు సొంతంగా ఒకటి చేశాడు. వెనకకూ పక్కలకూ పనస, పైపలకకు తేలికైన గుమ్మడి టేకు. పలకను చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి, పలికితే ఉంచుకునేవాడు, పలకకపోతే పొయ్యిలోకి తోసేవాడు. జిగురు కాచింది నేను, పలకలు పట్టుకున్నది నేను, చేతులు బొబ్బలెక్కేలా నున్నగా రుద్దింది నేను. చెల్లి మహారాణిలా రంపప్పొట్టులో కూర్చుని పాటలు పాడుకునేది.

తీరా వేళ్ళతో తీగలు నొక్కే మెడ చెక్కేముందు నాన్న దారం తీసి కొలిచింది ఎవరి వేళ్ళనుకున్నారు? దానివి! నా చేతివంక చూడనైనా చూడలేదు. నేను ఏడిస్తే అమ్మ (మా వైపు ఆడపిల్లను గుంట అంటారు), "దానికి గొంతుందే గుంటా, నీకేటుంది?" అనేసింది. ఆ మాట ఇన్నేళ్ళయినా అరగలేదు నాకు.

మా చర్చిలో కోతల పండుగకు ఎవరింట్లో ఏది మొదట పండినా, మొదటి గుమ్మడికాయైనా, మొదటి గుడ్డైనా, దేవుడికే ఇవ్వాలి. ఇంట్లో ఎవరూ రుచి చూడరు. గిటారు పూర్తయిన ఆ ఏడు నాన్న సామలూ, అల్లమూ పట్టుకుని నిలబడ్డప్పుడు నేను సంఘమంతా వినేలా లేచి పాస్టరుగారిని అడిగాను. "అయ్యగారూ, మా నాన్న చేసిన మొదటి గిటారు కూడా ప్రథమ ఫలమే కదండీ?"

అందరి తలలూ నాన్నవైపు తిరిగాయి. ఆయన ఇంటికి వెళ్ళి, గిటారు తెచ్చి గుమ్మడికాయల మధ్య పెట్టాడు. చెల్లి వెక్కివెక్కి ఏడ్చింది. నాకు మాత్రం, ఛీ, ఎంత సంతోషమో! అయితే ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారే, దేవుడి వస్తువు మూలన పడి ఉండకూడదనీ, మెడ ఎవరి చేతికి కుదిరితే వాళ్ళే వాయించాలనీ అయ్యగారు తీర్పు చెప్పారు. ఇంకెవరికి కుదురుతుంది, చెల్లికి తప్ప! ఇంట్లో మూలన కూర్చుని వాయించుకోవలసినదాన్ని ప్రతి ఆదివారం సంఘం ముందు కూర్చోబెట్టింది నేనే.

నాన్న నన్ను ఏమీ అనలేదు. నేను టీచర్ ట్రైనింగుకు వెళ్ళేటప్పుడు పనస చెక్కతో బట్టల పెట్టె చేసిచ్చాడు. అంతే, మరో గిటారు జోలికి పోలేదు.

చెల్లి నన్ను, అక్కను, అప్పా అనే పిలుస్తుంది. ఆయన పోయాక ఒకరోజు మెల్లగా చెప్పింది. "అప్పా, ఆ పెట్టె సెక్కలు నీ గిటారుకని అటక మీద ఆరబెట్టినవే. నీ సెయ్యి ఇంకా ఎదుగుతాది, ఎదిగాక కొలుత్తానన్నాడు. పండగయ్యాక మానేసినాడు. దేవుడికొకటిచ్చేసి మా పెద్దగుంటకి ఇంకోటి సేసుకుంటే నలుగురూ ఏటనుకుంటారు అన్నాడు."

ఇప్పుడు గిటార్లు కొరియర్లో అట్టపెట్టెల్లో వస్తున్నాయి. మా మనవలకు చెరొకటి ఉంది. చెయ్యి కొలిచేవాళ్ళు లేరు, నన్ను కొలవలేదని ఏడ్చే పిల్లలూ లేరు. మంచిదే కాబోలు. నాకు గిటారు దక్కలేదన్న బాధ ఎప్పుడో పోయింది. కానీ నా చెయ్యి ఎదిగాక కొలుస్తానన్న ఆ ఒక్కమాట నాన్న నాతో అనకుండా చెల్లితో అన్నాడు చూశారూ, ఆ కుళ్ళు మాత్రం నేను పోయేదాకా పోదు.