నోటి హారన్

మా బాబాయి కారుకి హారన్ లేదు. బాబాయికి నోరుంది. అందుకని ఆయనకి లోటేమీ తెలిసేది కాదు.

సందు మలుపు రాగానే అద్దం దించి, తల బయటపెట్టి, "తప్పుకోండి బాబూ!" అని ఒక్క కేక వేసేవాడు. సైకిళ్ళు గోడకి అతుక్కునేవి. మేడ మీద బట్టలారేసేవాళ్ళు కూడా ఓ అడుగు వెనక్కేసేవాళ్ళు.

"హారన్ బాగుచేయించుకోకూడదూ?" అని పిన్ని మొత్తుకునేది.

"చేయించానే. మళ్ళీ పోయింది."

బాబాయి బడిలో ల్యాబ్ అసిస్టెంటుగా రిటైరయ్యాడు. ప్రతి వస్తువు మీదా చీటీ అంటించే అలవాటు మాత్రం రిటైరవలేదు. వాళ్ళింట్లో ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అని, దాని మూత మీద 'ఉప్పు మూత' అని ఉంటుంది.

ఇక మా అక్క. కేకులు చేసి అమ్ముతుంది. దాని గొంతు ఎంత చిన్నదంటే, అది అరిచినా పక్కవాళ్ళు "ఏమన్నావు?" అని అడుగుతారు. లైసెన్సు వచ్చి నెలైనా కాకుండానే దానికి మొదటి పెద్ద ఆర్డరొచ్చింది. మూడంతస్తుల పెళ్ళి కేకు, పన్నెండింటికల్లా హాల్లో ఉండాలి. నిటారుగా చేరితే ఆ హాలు ఆర్డర్లన్నీ దానివే. కూలిందా, ఇక ఓవెన్‌కి తాళమే.

అక్క నడుపుతోంది. నేను వెనక సీట్లో కేకుని పట్టుకున్నాను. మా వెనక బాబాయి తన కారులో వస్తున్నాడు. ముందురోజే బాగుచేయించిన హారన్‌ని దారి పొడుగునా మోగిస్తూనే ఉన్నాడు.

మొదటి సిగ్నల్ దగ్గర ఏసీలోంచి వెచ్చటి గాలి వచ్చింది. కదిలాక చల్లబడింది. రెండో సిగ్నల్ దగ్గర మళ్ళీ వెచ్చన. పై అంతస్తు మీది క్రీము గులాబీ నావైపు వంగింది.

"అక్కా, గులాబీ జారుతోంది!"

"ఇంజన్ వేడి చూపే ముల్లు కూడా లేస్తోందిరా!" ఈసారి అక్క గొంతు వెనక సీటు దాకా వినిపించింది. అంటే నిజంగానే భయపడిందన్నమాట.

పక్కకి ఆపగానే బాబాయి పరిగెత్తుకొచ్చాడు.

"ఆగితే వేడి, కదిలితే చల్లన, అంతేనా?"

"అవును బాబాయ్."

"ష్! ఎవరూ ఊపిరి పీల్చకండి." బానెట్ ఎత్తి, చెవి వంచి విన్నాడు. "ఇంత వేడికి ఇంజన్ని చల్లబరిచే ఫ్యాన్ గుయ్యిమనాలి. చప్పుడే లేదు. రిలే పోయుంటుంది."

రిలే అంటే అగ్గిపెట్టెలో సగముండే నల్ల డబ్బీ. అది టక్కుమంటేనే ఫ్యానుకి కరెంటు అందేది.

"బాబాయ్, పన్నెండవుతోంది!"

"ఇంజన్ ఆపు. నువ్వు కేకుని వదలకు."

గుడ్డ కోసమంటూ తన కారు దగ్గరికి వెళ్ళొచ్చాడు. లేచిన బానెట్ వెనక ఏం చేశాడో మాకు కనబడలేదు. అక్క మళ్ళీ ఇంజన్ స్టార్ట్ చేశాక కాసేపటికి టక్కుమంది. గుయ్యిమంది.

"ఏం చేశావు?"

"కొంచెం తట్టాను. పదండి."

కేకు నిటారుగానే చేరింది. ఒరిగిన గులాబీని చూసి హాలువాళ్ళు, కొత్త ఫ్యాషన్ కాబోలనుకుని, వచ్చే వారానికీ అలాంటిదే కావాలన్నారు.

తిరిగొస్తుంటే మా వెనక, "తప్పుకోండి బాబూ!"

నిన్న బాగుచేయించిన హారన్ అప్పుడే పోయిందని పడీపడీ నవ్వుకున్నాం.

నెల తర్వాత అక్క కారుని సర్వీసింగుకి తీసుకెళ్ళాను. మెకానిక్ ఓ రిలే పీకి, దానిమీది చీటీ చూపించాడు. గుండ్రటి అక్షరాలతో 'హారన్' అని ఉంది.

"ఇది మీ ఫ్యానుకి పెట్టుందండీ. ఇలాంటి చీటీయే పళ్ళ డాక్టరుగారి కారులో చూశాను, టైలరమ్మగారి కారులోనూ చూశాను. మీ బాబాయిగారు అస్తమానం హారన్ రిలేలు కొంటుంటే తింటున్నారేమో అనుకున్నాను. అయినా దారిలో ఆగితే ఎవరైనా ఆ కారు హారన్ రిలేయే తీసి ఫ్యానుకి పెడతారు. సొంతది ఇచ్చేయడమేంటండీ?"

నవ్వినందుకు నాకు సిగ్గేసింది. తిన్నగా వెళ్ళి బాబాయినే అడిగాను. ఆయన తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

"అది కొత్తగా నడుపుతోంది కదరా, హారన్ లేకుండా ఎలా? దాని గొంతు సంగతి నీకు తెలీదూ? నాకైతే నోరుంది."

అక్క ఆ సాయంత్రమే కొత్త రిలే కొని, 'బాబాయి హారన్, ఎవరికీ ఇవ్వరాదు' అని చీటీ రాసి, తన చేత్తోనే ఆయన కారుకి పెట్టింది.

నాలుగు రోజులు మా వీధి నిజమైన హారన్ విన్నది. అయిదో రోజు పొద్దున్న సంగీతం టీచరుగారి కారు ఫ్యాన్ గుయ్యిమనుకుంటూ మా గుమ్మం దాటింది. దాని వెనకే, "తప్పుకోండి బాబూ!"

అక్క ఓవెన్ పక్క అరలోంచి ఇంకో రిలే తీసి చీటీ రాసింది. ఈసారి 'హారన్' అని మాత్రమే రాసింది.