నిండు డబ్బా

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, యేసయ్య నామంల మీ అందరికి వందనాలు. నేను మీకు ఎరికే, కోడేరు కాడ కూలికి పోయే సుగుణమ్మను. నాకు తాగుడు లేదు, దయ్యం పట్టలే, నన్ను పట్టింది సిగ్గు, అది నా బిడ్డ పానం మీదికి తెచ్చింది, ఆ ముచ్చట చెప్పనీకే నిలబడ్డ.

పోయిన ఎండకాలం మా ఆయన మేస్త్రి పనికాడ పైనుంచి పడి, నడుము దెబ్బతిని మంచంల పడె. నా ఒక్కదాని కూలితోనే ఇల్లు ఎల్లాలె. ఆదివారం చర్చినుంచి పోయి పెద్ద గిన్నెడు పప్పుపులుసు ఒక్కసారే కాస్తుంటి, జొన్నరొట్టెలు దొంతి పెడుతుంటి, బుధవారం దాక అవే, రోజూ కొన్ని నీళ్లు పోసి మరిగిచ్చి, ఎండిన రొట్టె అండ్ల నానేసి బిడ్డకు పెడుతుంటి. రేషన్ బియ్యం ఇరవై దినాలకే ఒడుస్తుండె. అయినా సంఘపు ఆడోళ్లందరి లెక్కనే ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం చర్చికిచ్చే దేవుని డబ్బల వేస్తుంటి, నెలాఖరుకు తక్కువైతదని ముందుగాలనే రెండేసి పిడికిళ్లు తీస్తుంటి, ఆదివారం నిండుగ తెచ్చి బల్లమీద పెడుతుంటి. మీరు భక్తి అనుకుంటిరి. భక్తి కాదు తల్లులారా! డబ్బ తక్కువైతే మా ఇంట్ల లేదని మీకు తెలుస్తదని భయం.

ఒక బుధవారం గిన్నె మూత తీస్తే పులుసు మీద నురుగు, వాసన. రేషన్ బియ్యం ఒడిసి ఇంట్ల వేరే ఏం లేదు, పారబోయనీకి చెయ్యి రాలే. ఇంకింత చింతపండు పిసికి, ఉప్పేసి మరిగిచ్చి, నా నాలుగేండ్ల బిడ్డ సువార్తకు, మా ఆయనకు పెట్టిన, నేను తిన్న. మా పెద్దోళ్ల కడుపులు తట్టుకున్నయి, దానిది తట్టుకోలే. వాంతులు, విరోచనాలు, తెల్లారేదాక ఎవ్వరికి చెప్పలే, అప్పటికే కండ్లు లోపలికి పోయినయి. నాగర్‌కర్నూల్ దవాఖానల గ్లూకోజు ఎక్కిచ్చి, "గింత ఆలస్యంగ తెస్తరా? ఇప్పుడే ఏం చెప్పలేం" అన్నది డాక్టరమ్మ.

వరండాల కూలబడి ఏడిస్తి. "ప్రభువా, పస్తులుండి గూడ నీ బియ్యం ముట్టలే గదా, నా బిడ్డను ఎందుకు ముట్టితివి?" అన్న. ఆ మాట నోట్ల ఉండంగనే నన్ను నేనే అడిగిన. డబ్బల బియ్యం పెట్టుకోని పసిదానికి పాసిపోయిన పులుసు పోసింది దేవుడా? నేను! "అయ్యా, తప్పు నాదే, బిడ్డను ఇయ్యి, ఇగ దాచ" అని నేలకు మొక్కిన.

పాస్టరమ్మ చూడనీకి వస్తే మొదటిసారి నోరు తెరిచి, మా ఇంట్ల తిండి లేదమ్మా అని చెప్పిన. "పిల్ల నోటికాడి బియ్యం దేవుడు ఎప్పుడు అడిగిండే, పిచ్చిదానా!" అని ఆయమ్మ గూడ ఏడ్చింది. మా ఇంటికి పోయి ఆ డబ్బ బియ్యమే వండి, దినాం పొద్దుగాల గంజి బస్సుల తెచ్చింది. మూడో దినం నా సువార్త రెండు చెంచాలు మింగింది. దేవునికే మహిమ!

కష్టం పోయిందని అబద్ధం చెప్పను. మా ఆయన ఇంకా మంచంలనే ఉన్నడు. ఇప్పటికీ రెండు పూటలది ఒక్కసారే వండుత, కని చెడిపోతే పారబోసి పక్కింటక్కను అడుగుత. అడిగేటప్పుడు ఇంకా ముఖం కాలుతది, అయినా అడుగుత. ఇక్కడ నాలెక్కనే లోపల ఏడ్చుకుంట కూసున్నోళ్లు ఉంటే, ప్రభువును నమ్ముండ్రి, పక్కనున్న అక్కకు చెప్పుండ్రి, ఆయన మనుషుల చేతులతోనే పంపుతడు.

ఇగో, ఇయ్యాల నా డబ్బ సగమే ఉన్నది. మూత తీసి బల్లమీద పెడుతున్న, చూడుండ్రి.